జాబితాలో లేని కిటికీ

నేను యూరప్ చూశాను. చూశానని నా దగ్గర ధ్రువపత్రం ఉంది. పన్నెండు దర్శనీయాంశాలు, ఒక్కొక్కదానికి ఎదురుగా సమయం, నా సంతకం, అధికారి సంతకం, గుండ్రటి ముద్ర. ఎవరైనా నమ్మకపోతే చూపిద్దామని కొన్నాళ్ళు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. ఒక్కరూ నమ్మకపోలేదు. అదొక చిన్న లోటు.

ఏ దేశమో మాత్రం చెప్పను. దర్శించిన దేశం గురించి ప్రయాణికులు బహిరంగంగా అభిప్రాయాలు వెల్లడించరాదని పంతొమ్మిదో నిబంధన. ఒక సరస్సు, ఒక మంచుకొండ, ఒక గడియారపు గోపురం ఉన్న దేశం అని చెబితే ఉల్లంఘన కాదనుకుంటాను. అక్కడ ప్రతి దేశంలోనూ ఆ మూడూ ఉన్నాయట.

మమ్మల్ని తీసుకెళ్ళింది విశ్రాంత ఉద్యోగుల విదేశీ దర్శన సంస్థ. అంతకుముందు ఏడాది వాళ్ళ యాత్రలో ఒకాయన సరిగ్గా గోపురం దగ్గరే బాత్రూం వెతుక్కుంటూ వెళ్ళాడు. వచ్చేసరికి అందరూ చూడటం అయిపోయి బస్సు హారన్ కొడుతోంది. ఇంటికొచ్చి, తనకు గోపురం చూపించలేదని ఫిర్యాదు రాశాడు. ఫిర్యాదు మీద కమిటీ వేశారు. కమిటీ వాళ్ళు సకుటుంబంగా ఆ గోపురాన్ని చూసొచ్చి, నూటనలభై పేజీల నివేదిక ఇచ్చారు. అందులోంచి పుట్టిందే సంపూర్ణ దర్శన విధానం.

విధానం చాలా తేలిక. జాబితాలో ఉన్న ప్రతి అంశాన్నీ ప్రతి ప్రయాణికుడూ కనీసం మూడు నిమిషాలు చూడాలి. ఒక్కరు చూడకపోయినా బస్సు కదలదు. దంపతులు ఒక యూనిట్. ఇద్దరిలో ఒకరు చూడకపోతే రెండోవారు చూసింది కూడా చెల్లదు. ఇక జాబితాలో లేనిదాన్ని ఎవరూ చూడకూడదు. నడుస్తుండగా కంటపడితే తప్పులేదు, దాన్ని యాదృచ్ఛిక వీక్షణం అంటారు. ఆగి చూస్తే మాత్రం అది దర్శనం. దర్శనానికి అనుమతి కావాలి.

నిజం చెప్పొద్దూ, నాకీ విధానం తెగ నచ్చింది. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, ముప్ఫైనాలుగేళ్ళు ఫైళ్ళ మధ్య కూర్చుని, సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. మా ఆఫీసులో కూడా ఇంత పకడ్బందీ నిబంధనలు రాయలేకపోయామే అని కొంచెం అసూయ కూడా పడ్డాను. మొత్తం ఐదు రోజుల యాత్ర. రెండు రోజులు విమానాలకు, ఒక రోజు నిబంధనల మీద శిక్షణకు, ఒక రోజు నివేదికలు రాయడానికి. మిగిలిన ఒక్క రోజూ దర్శనం.

బయల్దేరడానికి రెండు నెలల ముందు దరఖాస్తులు వచ్చాయి, మనిషికొకటి. నాదీ, మా ఆవిడ నాగరత్నానిదీ నేనే నింపాను. పద్నాలుగో కాలమ్‌లో ‘ప్రత్యేక దర్శనాభిలాష ఏదైనా ఉన్నచో’ అని ఉంది. రెండింటిలోనూ ‘లేదు’ అని రాసేశాను. నా సర్వీసులో ఏ కాలమ్‌నూ ఖాళీగా వదల్లేదు. ఏ కాలమ్ గురించీ సంబంధించిన మనిషిని అడగనూ లేదు. కింద పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టి కాగితం వంటింట్లోకి తీసుకెళ్ళాను. నాగరత్నం చెయ్యి తుడుచుకుని గుర్తున్న చోట సంతకం పెట్టి ఇచ్చింది. పెళ్ళయిన నాటి నుంచీ మా ఇంట్లో పద్ధతి అదే.

ఇక విమానం ఎక్కాం. బెల్టు కట్టుకున్న పావుగంటకు మా ఆవిడ నావైపు తిరిగింది.

“ఏవండి, మనం ఎల్లే ఊళ్ళో ఆళ్ళ ఇళ్ళల్లోకి తీసుకెళ్తారా?”

“ఇళ్ళల్లోకి దేనికి?”

“ఒక్క ఇల్లు చాలండి. బల్ల మీద మా లేసు ఏసుంటే చూద్దారని.”

నాగరత్నానిది నర్సాపురం పక్కన లంక ఊరు. తొమ్మిదో ఏట కొక్కెం సూది పట్టింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరూ అరుగుల మీద కూర్చుని తెల్లదారంతో గుండ్రటి లేసులు అల్లుతారు. ఏజెంటు సైకిల్ మీద వచ్చి పట్టుకుపోతాడు. అవి ఓడెక్కి ఎక్కడికో పోతాయి. మా పెళ్ళయ్యాక కూడా ఆవిడ మానలేదు. నేను పేపరు చదువుతుంటే ఆవిడ ఎదురుగా కూర్చుని అల్లుతూనే ఉండేది. ఎన్ని అల్లిందో లెక్కలేదు. అల్లినవి ఏమవుతాయో నేనెప్పుడూ అడగలేదు. పేపర్లో చాలా విషయాలుండేవి.

“చిన్నప్పుడు ఏజెంటుని అడిగానండి, ఇయ్యి ఏం చేసుకుంటారని. బల్ల మీద ఏసి దాని మీద కప్పులూ గిన్నెలూ పెట్టుకుంటారన్నాడు. నేను నమ్మలేదు. అంత తెల్లటిదాని మీద కాఫీ కప్పు పెడితే మరక పడిపోదా? ఎవరన్నా పెడతారా? ఆడు కోతలు కోసేశాడనుకున్నాను. ఎక్కడో గోడౌన్లో పడేసుంటారు, ఎలకలు కొట్టేత్తుంటాయని నా అనుమానం. నలభై ఏళ్ళ నుంచీ ఇదే అనుమానం. ఒక్కసారి కళ్ళతో చూసేత్తే మనసు కుదుటపడిపోద్ది.”

“చూద్దాంలే” అన్నాను.

పద్నాలుగో కాలమ్ గుర్తొచ్చింది. ఇప్పుడు చెబితే ప్రయాణమంతా పాడవుతుందని చెప్పలేదు. కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ కూర్చున్నాను. విమానం కదులుతూనే ఉంది గనక అది యాదృచ్ఛిక వీక్షణమే.

దర్శనం రోజు పొద్దున్నే ముప్ఫైరెండు మందిమి బస్సెక్కాం. మా దర్శన నిర్వహణాధికారి పేరు భానుమూర్తి. నలభై లోపు వయసు, మెడలో విజిల్, ఒక చేతిలో ఎర్రగొడుగు, ఇంకో చేతిలో నిబంధనల పుస్తకం. మంచివాడే. పుస్తకం చేతిలో లేనప్పుడు ఎలా మాట్లాడతాడో మాత్రం మాకు తెలిసే అవకాశం రాలేదు.

“గౌరవ ప్రయాణికులకు తెలియజేయునది ఏమనగా, నేటి జాబితాలో పదకొండు అంశములు కలవు. అంశములు చూడవలెను. అంశములు కానివి చూడరాదు. సందేహములున్నచో లిఖితపూర్వకంగా సమర్పించవలెను.”

మొదటి అంశం గడియారపు గోపురం. వెళ్ళేసరికి దానికి మరమ్మతులు జరుగుతున్నాయి. చుట్టూ పరంజా కట్టి, పైనుంచి కిందిదాకా గుడ్డ కప్పేశారు. ఊరివాళ్ళకు బెంగ కలగకుండా ఆ గుడ్డ మీద గోపురం బొమ్మ అచ్చు వేయించారు. బొమ్మలో గడియారం పదీపది చూపిస్తోంది. మా వాచీల్లో తొమ్మిదీ ఐదు.

గోపురం బొమ్మను చూస్తే గోపురాన్ని చూసినట్టవుతుందా అన్న సందేహం భానుమూర్తికి వచ్చింది. ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేశాడు. అక్కడ నలుగురు సంప్రదించుకుని ఇరవై నిమిషాలకు జవాబు చెప్పారు. బొమ్మ వెనకాల గోపురం ఉన్నంతవరకు, వస్త్రావృత గోపురాన్ని గోపురంగానే పరిగణించవచ్చును. బొమ్మ వెనకాల గోపురం ఉందా లేదా అని భానుమూర్తి గుడ్డ అంచు ఎత్తి చూసి, ఉందని రాసుకున్నాడు. అందరం మూడు నిమిషాలు గుడ్డ చూసి సంతకాలు పెట్టాం.

రెండో అంశం వంతెన. దాన్ని దాటి అవతలి గట్టుకు వచ్చాక, రిటైర్డ్ హెడ్మాస్టరు గురునాథం గారు బస్సులో నిద్రపోయారని తేలింది. బస్సు వెనక్కి తిప్పారు. ఈసారి మాస్టారు మేలుకున్నారు గానీ ఆయన భార్య కునికింది. యూనిట్ చెల్లలేదు. మూడోసారి దాటేటప్పుడు ఇద్దరినీ ముందు సీట్లో కూర్చోబెట్టి, వెనకనుంచి భానుమూర్తి విజిల్ ఊదుతూ నిలబడ్డాడు. వంతెన మీద పూలు అమ్ముకునే ఆయన మూడోసారి మమ్మల్ని చూసి టోపీ తీసి నమస్కారం చేశాడు.

నాలుగో అంశం మంచుకొండ. ఆ వేళకు మబ్బు దిగి కొండ కాదు కదా, ఎదుటి కరెంటు స్తంభం కూడా కనపడలేదు. మళ్ళీ ఫోన్. ఈసారి జవాబు తొందరగానే వచ్చింది. కొండ తన స్థానంలో ఉన్నట్టు ప్రభుత్వ పటాల ద్వారా నిర్ధారితమై ఉన్నందున, ఎవరికీ కనపడని పక్షంలో, కొండ ఉన్న దిక్కును మూడు నిమిషాలు చూసిన చాలును. ముప్ఫైరెండు మందిమి వరసగా నిలబడి తెల్లటి మబ్బులోకి చూశాం. రెండో నిమిషంలో గురునాథం మాస్టారు, “కనపడిందండి, కనపడింది” అన్నారు. ఆయనకు ఆకలేస్తోంది.

భోజనం కూడా ఒక అంశమే, ఐదోది. స్థానిక భోజనం అని ఉంది జాబితాలో. స్థానికం అంటే ఎవరికి స్థానికం అన్న ప్రశ్న కమిటీలోనే వచ్చిందట. ప్రయాణికులకు స్థానికం అని తేల్చారు. ముద్దపప్పు, వంకాయ కూర, సాంబారు పెట్టారు. మూడు నిమిషాలు చూశాక తిననిచ్చారు.

నేను ఇదంతా ఆనందంగానే గడిపాను. నాగరత్నం మాత్రం కొండనూ చూడలేదు, గోపురాన్నీ చూడలేదు. అంటే సంతకాలు పెట్టింది గానీ, బస్సు పోతున్నంతసేపూ ఇళ్ళ కిటికీలే వెతుకుతోంది. మేడ మీది కిటికీలు, తెరలున్న కిటికీలు, కుండీలున్న కిటికీలు. బల్లలు మాత్రం కనపడటం లేదు. ఒడిలో చేతిసంచీ గట్టిగా పట్టుకుని కూర్చుంది. అందులో సగం అల్లిన లేసు, దారపుండ, కొక్కెం సూది ఉన్నాయని నాకు తెలుసు. ఆ సంచీ లేకుండా ఆవిడ పక్కింటికి కూడా వెళ్ళదు.

తొమ్మిదో అంశం ప్రాచీన వీధి. రాళ్ళు పరిచిన సన్నటి సందు. అక్కడ బస్సు వెళ్ళదు, జంటలు జంటలుగా నడవాలి. వీధి మాత్రమే అంశం, వీధిలోని ఇళ్ళు కావని భానుమూర్తి ముందే హెచ్చరించాడు. అందుకని అందరం నేల చూస్తూ నడుస్తున్నాం.

నా పక్కన అడుగుల చప్పుడు ఆగిపోయింది.

వెనక్కి తిరిగాను. నాగరత్నం ఒక పాత ఇంటి ముందు నిలబడిపోయింది. వీధికి ఆనుకుని కిటికీ, కిటికీ లోపల చిన్న బల్ల, బల్ల అంచున వేలాడుతూ తెల్లటి అల్లిక కొస. అంతే కనపడుతోంది. మిగతాదానికి పూలకుండీ అడ్డం. ఆవిడ మునికాళ్ళ మీద లేచింది.

విజిల్ మోగింది.

“అమ్మా, తమరు ఆగినట్టు నా దృష్టికి వచ్చినది. ఇది జాబితాలో లేదు.”

“ఒక్క నిమిషం బాబూ. ఆ కుండీ పక్కనుంచి చూసేసి వచ్చేత్తాను.”

“నిమిషమైనా అది దర్శనమే అగునమ్మా. తమరికి ప్రత్యేక దర్శనాభిలాష ఉన్నచో దరఖాస్తులో తెలియజేసి ఉండవలసినది. తెలియజేసి ఉన్నచో మేమే ఏర్పాటు చేసి ఉండెడివారము.” భానుమూర్తి నిజంగానే నొచ్చుకుంటూ ఫైలు తీశాడు. పేజీలు తిప్పాడు. “ఇదుగో. శ్రీమతి నాగరత్నం. పద్నాలుగో కాలమ్. ప్రత్యేక దర్శనాభిలాష, లేదు. కింద తమ సంతకం.”

నాగరత్నం కాగితం అందుకుంది. కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ‘లేదు’ అన్న అక్షరాలు నావి. ఆవిడకు నా దస్తూరి తెలుసు.

“ఎప్పుడడిగారు నన్ను?” అంది.

అడ్డమైన మెమోలకూ అదేరోజు జవాబు రాసినవాణ్ణి, వంగి బూటులో లేని రాయిని వెతుక్కున్నాను.

ఆవిడ కాగితం మడిచి భానుమూర్తికి ఇచ్చేసింది. “పదండి బాబూ, మీకు ఆలీసం అవుతుంది” అని అందరితో పాటు నడిచింది. తర్వాత వచ్చిన పదో అంశాన్ని చాలా శ్రద్ధగా చూసింది. అదేమిటో నాకు గుర్తులేదు. నాకు సిగ్గేసింది. ముప్ఫైనాలుగేళ్ళలో నేను ఎంతమంది కాలమ్‌లలో ‘లేదు’ అని రాశానో అని మొదటిసారి ఆలోచన వచ్చింది.

పదకొండోది, ఆఖరుది, సరస్సు. దాని తర్వాత హోటల్. మర్నాడు నివేదికలు, ఆ మర్నాడు విమానం. అంటే ఆ కిటికీ ఇక దొరకదు. జన్మలో మళ్ళీ ఈ దేశం వచ్చేది లేదు. గోడౌన్లో ఎలకలు కొడుతున్నాయన్న అనుమానంతోటే ఆవిడ లేసు అల్లుకుంటూ ఉండిపోతుంది, ఎదురుగా నేను పేపరు చదువుకుంటూ ఉంటాను.

మబ్బు విడిపోయింది. సరస్సు నిండుగా మెరుస్తోందని మాస్టారు అన్నారు. నేను చూడలేదు. గట్టు మీద నిలబడి రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాను.

“భానుమూర్తి గారూ, రాసుకోండి. నేను సరస్సును చూడటం లేదు.”

“ఏల సార్?”

“కళ్ళు మూసుకున్నాను.”

పుస్తకం పేజీలు గబగబా తిరిగిన చప్పుడు వినపడింది. ప్రయాణికుడు చూడాలని ఉంది గానీ చూడనంటే ఏం చెయ్యాలో లేదు. రెప్పలు పట్టుకుని తెరవడానికి వీల్లేదు, ప్రయాణికుని శరీరాన్ని సిబ్బంది తాకరాదని ఏడో నిబంధన. నేను చూడకపోతే నాగరత్నం చూసింది చెల్లదు. మేమిద్దరం చూడకపోతే బస్సు కదలదు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. శిక్షణ రోజు పరీక్షలో నాకే మొదటి స్థానం వచ్చింది.

“ఏవండి, కళ్ళు తెరవండి. నలుగురూ చూత్తన్నారు” అని నాగరత్నం నా మోచెయ్యి లాగింది.

“చూడనీ. వాళ్ళకు జాబితాలో ఉంది.”

భానుమూర్తి ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. డైరెక్టరు గారే లైన్లోకి వచ్చారు. సదరు ప్రయాణికునికి దృష్టిలోపం ఉన్నట్టు నమోదు చేసి ముందుకు సాగవచ్చునని ఆయన అభిప్రాయపడ్డారు. మీ సంస్థ డాక్టరే నా కళ్ళు పరీక్షించి దివ్యంగా ఉన్నాయని సర్టిఫికెట్టు ఇచ్చాడని మనవి చేశాను. పోనీ, మంచుకొండ విషయంలో వలె, సరస్సు ఉన్న దిక్కుకు తిరిగి ఉన్నందున చూసినట్టు పరిగణింతుమా అన్నారు. ఆ వెసులుబాటు ఎవరికీ కనపడని పక్షంలోనే అన్నాను. ఇక్కడ సరస్సు ముప్ఫైఒక్క మందికి కనపడుతోంది, కావాలంటే అడగండి.

“నాకు బ్రహ్మాండంగా కనపడుతోందండి” అన్నారు మాస్టారు. ఆయన నా పక్షమో కాదో తెలీదు, మొత్తానికి పనికొచ్చింది.

డైరెక్టరు గారు దీర్ఘంగా నిట్టూర్చారు. “తమ ప్రార్థన ఏమిటి?”

“పద్నాలుగో కాలమ్ సవరించాలి. మా ఆవిడది.”

“సవరణలు బయల్దేరుటకు ముప్ఫై రోజుల ముందే స్వీకరించబడును. అయితే, కార్యాలయ సిబ్బంది పొరపాటు వలన గానీ, అనివార్య కారణముల వలన గానీ జరిగినదని రాసి ఇచ్చినచో పరిశీలించగలము.”

దారి చూపించారు. ఆ దారి నాకు బాగా తెలుసు. నా సర్వీసులో ప్రతి తప్పూ ఆ దారినే వెళ్ళింది, టైపిస్టు పొరపాటుగానో, అనివార్య కారణంగానో. సరస్సుకు వీపు పెట్టి కళ్ళు తెరిచి, బస్సు మెట్టు మీద కూర్చుని కాగితం మీద రాశాను. రాసింది భానుమూర్తి ఫోన్లో చదివాడు.

“సదరు కాలమ్‌లో లేదు అని రాసినది నేను. నా భార్యను అడగలేదు. అడిగి ఉంటే ఉందని చెప్పేది. ఆమెకు బల్ల మీద లేసు చూడాలని ఉంది. తప్పు నాది.”

లైన్ తెగిందేమోనని భానుమూర్తి ఫోన్ దులిపాడు.

“తప్పు నాది, అంటే?” అన్నారు డైరెక్టరు గారు చివరకు. “టైపిస్టుది అని కదా ఉండవలసినది.”

“టైపిస్టు లేడు సార్. నాదే.”

“ఇట్టి కాగితం మా సంస్థ చరిత్రలో రాలేదు.”

అక్కడ పుస్తకాలు తిరగేశారు. ఇక్కడ భానుమూర్తి పుస్తకం తిరగేశాడు. తప్పు తనదేనని ఒప్పుకున్న మనిషి విషయంలో ఏం చెయ్యాలో ఎక్కడా రాసి లేదు. అలాంటి మనిషి వస్తాడని కమిటీ ఊహించలేదు. ఏం చెయ్యాలో లేదు గనక, ఏం చెయ్యకూడదో కూడా లేదు. డైరెక్టరు గారు ఈ సంగతి గ్రహించి, గ్రహించినందుకు చింతిస్తూ, కిటికీని పన్నెండో అంశంగా జాబితాలో చేర్చడమైనదని ప్రకటించారు.

నాగరత్నం నావైపు చూసింది. చేతిసంచీ మీద పట్టు కొంచెం సడలింది.

జాబితాలో చేరింది గనక, ఇక దాన్ని ప్రతి ప్రయాణికుడూ చూడాలి. బస్సు వెనక్కి తిరిగింది. ముప్ఫైరెండు మంది తెలుగువాళ్ళం ఆ రాళ్ళ సందులో వరస కట్టి, ఒక ముసలావిడ కిటికీ ముందు నిలబడి, గొడుగు ఊపగానే చూడటం మొదలుపెట్టాం.

లోపల ఆ ముసలావిడ కాఫీ తాగుతోంది. ఎనభై ఏళ్ళుంటాయి. కప్పు ఎత్తబోయి, తలెత్తి మమ్మల్ని చూసి, అలాగే ఆగిపోయింది. కుండీ జరిపి చూసింది. వరస ఇంకా పెద్దదని తేలింది. నెమ్మదిగా లేచి వచ్చి తలుపు తీసి ఆవిడ భాషలో ఏదో అడిగింది. దర్శనాంశాలతో సంభాషించడం గురించి నిబంధన వెతకడానికి భానుమూర్తి పుస్తకం తెరిచాడు.

ఈలోపు నాగరత్నం ముందుకు వెళ్ళింది. సంచీలోంచి సగం అల్లిన లేసు తీసి, సూదితో సహా, ఆవిడ చేతిలో పెట్టింది. ముసలావిడ దాన్ని వెలుగులోకి ఎత్తి చూసింది. ఆపైన నాగరత్నం వేళ్ళనూ చూసింది. దాన్ని తిరిగి ఇచ్చేసి, గబగబా లోపలికి వెళ్ళి, కప్పు తీసి పక్కన పెట్టి, బల్ల మీది లేసు పట్టుకొచ్చింది.

అది పాతది. తెలుపు పోయి పాలమీగడ రంగుకు వచ్చింది. నాగరత్నం ముందు దాన్ని తిరగేసి వెనకవైపు చూసింది. అల్లినవాళ్ళు వెనకే చూస్తారట.

“చేత్తో అల్లిందేనండి. మిషన్ది కాదు.”

“మీ ఊరిదేనా?”

“ఎవరికి తెలుసు. మా ఊరిదో, పక్కూరిదో. ఎవరో ఆడమనిషిదే.” మళ్ళీ ముందువైపుకు తిప్పింది. మధ్యలో, పువ్వు రేకుల మీదుగా, గుండ్రంగా గోధుమరంగు గీత. దాని మీద ఇంకొకటి. పక్కన ఇంకా పాతది, వెలిసిపోయింది.

“మరకండి” అంది నాగరత్నం. వేలితో ఆ గీత చుట్టూ రాసింది. “కాఫీ మరక. చూడండి, ఎన్ని ఉన్నాయో. రోజూ పెట్టుకుంటున్నారండి. ఆడు నిజమే చెప్పాడు.”

ఆ మొహంలో అంత సంతోషం నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు. పెళ్ళిలో నేను ఎక్కువగా పురోహితుడి లిస్టు చూస్తున్నాను.

లేసు అంచు ఒకచోట దారం తెగి ఊడిపోతోంది. నాగరత్నం గుమ్మం మెట్టు మీద కూర్చుంది. దారపుండ ఒళ్ళో పెట్టుకుని, సూది ఆ అంచులో దూర్చి, అల్లడం మొదలుపెట్టింది. ముసలావిడ పక్కనే కూర్చుంది. విజిల్ ఊదబోయి భానుమూర్తి ఆగాడు.

“అమ్మా, మూడు నిమిషములు పూర్తయినవి. అదీగాక దర్శనమనగా చూచుటయే. మరమ్మతు దర్శనములోకి రాదు.”

“చూత్తానే ఉన్నాను బాబూ” అంది ఆవిడ, తల ఎత్తకుండా. “చూడకుండా ఎలా అల్లుతాను?”

భానుమూర్తి పుస్తకం వంక చూశాడు. ఆవిడ చేతుల వంక చూశాడు. పుస్తకం మూసి చంకలో పెట్టుకుని, ఆయనా చూస్తూ నిలబడ్డాడు. ధ్రువపత్రంలో పన్నెండో అంశానికి ఎదురుగా దర్శన సమయం ఇరవైరెండు నిమిషాలని ఉంటుంది. అది ఆయన దస్తూరే.

అల్లిక పూర్తయ్యాక ముసలావిడ లేసును తీసుకెళ్ళి మళ్ళీ బల్ల మీద పరిచింది. కొత్త దారం ముక్క తెల్లగా మెరుస్తోంది. దాని మీద కప్పు పెట్టింది. తర్వాత ఇంకో కప్పు తెచ్చి కాఫీ పోసి, దాన్నీ లేసు మీదే పెట్టి, నాగరత్నాన్ని లోపలికి పిలిచింది. మా ఆవిడ తాగి, కప్పు కావాలనే మళ్ళీ అదే చోట పెట్టింది.

తర్వాత బస్సు సరస్సు దగ్గరికి వెళ్ళింది, నా కోసం. మూడు నిమిషాలు చూశాను. నీళ్ళు ఉన్నాయి.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. సంస్థ జాబితాలో ఒకసారి చేరిన అంశాన్ని తొలగించే పద్ధతి లేదట. ప్రతి యాత్రలోనూ ముప్ఫైరెండు మంది ఆ ఇంటి ముందు నిలబడి సంతకాలు పెడుతున్నారు. మొన్న తణుకులో ఒకాయన కలిసి, “ఆ పన్నెండోదాంట్లో ఏం చూడాలండీ? మాకు ఏమీ అర్థంకాలేదు” అన్నాడు. వచ్చేవాళ్ళు ఎక్కువయ్యేసరికి ముసలావిడ కిటికీకి తెర కట్టుకుందట. తెర కట్టిన కిటికీని కిటికీగానే పరిగణించవచ్చునని ప్రధాన కార్యాలయం తెలియజేసింది.

నిన్న పెన్షన్ ఆఫీసు నుంచి ఏదో కాగితం వచ్చింది. అందులో కుటుంబ సభ్యుల వివరాలకు ఒక పేజీ ఉంది, కొన్ని కాలమ్‌లు మా ఆవిడవి. నాలుగు నింపి, ఐదో దాని దగ్గర కలం ఆపాను. కాగితం పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. నాగరత్నం లేసు పక్కన పెట్టి, చెయ్యి చాపి కలం తీసుకుంది. కింద చూసింది, పైన చూసింది.

“ఇంటూ గుర్తు ఎక్కడ పెట్టారు?”

“పెట్టలేదు” అన్నాను.

ఆవిడ నావైపు ఒకసారి చూసి, కలం పక్కన పెట్టేసింది.

“అయితే నా కళ్ళజోడు అందియ్యండి” అంది. “మొత్తం చదవాలి.”